మాటకి రెండున్నర

ప్రెస్సు మూసేశాక
ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన ఈ కళ్ళకి
ఋషికొండ మీద, మూడో అంతస్తులో, పని దొరికింది.
అద్దంలోంచి సముద్రం కనిపిస్తుంది, వినిపించదు.
ఏసీ చలికి మఫ్లరు చుట్టుకుని
తెలుగు తిట్లకి అంకెలు వేస్తాను.
మాటకి రెండున్నర రూపాయలు.

సున్నా అంటే పసిపిల్లలైనా అనొచ్చు.
ఒకటి, చూసీచూడనట్టు పోవచ్చు.
రెండు దగ్గర కాస్త ఆగాలి.
మూడు వేస్తే మాత్రం
ఏ ఫోనూ ఇక ఆ మాట అందివ్వదు.
మా టీమ్ లీడ్ షర్మిష్ఠ మర్యాదస్తురాలు.
"చెరపడం కాదు సర్,
సూచించం, అంతే" అంటుంది.
బంతిలో కూచోబెట్టి, ఆకు వేసి,
వడ్డన ఆ ఒక్కడినీ దాటి వెళ్ళినట్టు.

మొదటి వారం సరదాగానే నడిచింది.
'సచ్చినోడా' దగ్గర తగువు.
అది తిట్టు కాదమ్మా,
పూర్ణా మార్కెట్లో పలకరింపు అన్నాను.
ఒకటికి ఒప్పుకుంది.
'గుంట' అంటే గొయ్యి కదా అన్నాడు హైదరాబాదు కుర్రాడు.
మా వైపు ఆడపిల్లరా అన్నాను.
ఆ తర్వాత 'ముండ' వచ్చింది.
మా నాయనమ్మ గుర్తొచ్చింది.
పదిహేనేళ్ళకే గుండు గీయించి
ఆ మాటనే ఆవిడకి పేరు చేశారు.
అసలు పేరు నేను చూసింది రేషన్ కార్డులోనే.
మూడు వేశాను, గట్టిగా నొక్కి,
ఎవరి మీదో కక్ష తీర్చుకున్నట్టు.

కులాల పేర్లకి ఎక్కువసేపు పట్టలేదు.
మా ఇంట్లో అవి తిట్లుగానే విన్నాను.
మూడు, మూడు, మూడు.
నలభై అయిదు మాటలు.
ఒక్క మధ్యాహ్నంలో నూట పన్నెండున్నర,
మనసులో కొంచెం పుణ్యం కూడా.

జ్ఞానాపురంలో మా వీధి ఊడ్చే చిన్నమ్మడు
రాత్రి తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడింది.
కార్పొరేషను నారింజ చొక్కా ఇంకా విప్పలేదు.
కొత్త అపార్ట్‌మెంటు సెక్రటరీ
లిఫ్టు దగ్గర, నలుగురి ముందూ, అన్నాడట.
"ఏటన్నాడో అదే రాయాలంట బాబూ.
పొల్లు పోకూడదంట.
నేకపోతే కేసు నిలబడదని
టేసన్లో రైటరు సెప్పినాడు."
గాజు చీలిన ఫోను నా చేతిలో పెట్టింది.

మొదటి అక్షరానికి ఫోను ఒక పువ్వు పేరిచ్చింది.
రెండో అక్షరానికి ఏదో ఊరు.
మూడోదానికి ఏమీ ఇవ్వలేదు.
ఆ మాట నాకు తెలుసు.
నలభై అయిదులో ఇరవయ్యో వరస.
పూర్తిగా కొట్టి ఖాళీ వదిలేసరికి
కూరగాయ అయిపోయింది.
చెరిపాను. కొట్టాను. మళ్ళీ కూరగాయ.
సెక్రటరీ గారు ఈమెని, అందరి ముందూ,
కూరగాయ పేరు పెట్టి పిలిచారని
పోలీసులకి విన్నవించుకుంటున్నాం.

ఆమె నవ్వలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు.
నాలుగోసారికి మాట నిలబడింది,
కింద ఎర్రగీతతో.

చదువు రాదు గానీ
ఎరుపు కనిపించింది ఆమెకి.
"ఆ కిందదేటి బాబూ?"
"తప్పంటోంది ఫోను."
"తప్పు ఎవుడిదంట?"

తెల్లారి భీమిలి బస్సులో నిలబడే వెళ్ళాను.
షీటు తెరిచాను.
ఇరవయ్యో వరసలో, మూడు చెరిపి,
"అన్నవాడికి వద్దు, పడ్డవాళ్ళకి కావాలి" అని రాశాను.
ప్రూఫు రీడర్ని కదా,
రెండుసార్లు చదువుకుని పంపాను.

కాసేపటికి షర్మిష్ఠ నుంచి జవాబు:
"బావుంది సర్.
కానీ ఆ గడిలో అంకె మాత్రమే పడుతుంది."